కథల ఆటలో అందరికీ వంతు రావాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. కష్టమైన పనికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు.

ఇందులో ఒకరినొకరు ఓడించడం ఉండదు. కానీ గట్టిగా మాట్లాడేవాళ్లే ఆటంతా ఆడేస్తే, నెమ్మదస్తులు ఊరికే చూస్తూ కూర్చుంటారు. తర్వాత రావడమే మానేస్తారు.

కథ నడిపే పిల్లలూ, ఒక్కొక్కరికీ ఒక పని ముందే అనుకోండి. దొంగ పాత్రకు తాళం వేసిన తలుపు, మాంత్రికుడికి పాత గ్రంథం, వైద్యం తెలిసిన పాత్రకు గాయపడ్డ బాటసారి. మాట్లాడనివాళ్లను పాత్ర పేరుతో పిలిచి “ఇప్పుడు నువ్వేం చేస్తావ్?” అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి, పక్కవాళ్లు అందించకూడదు.

అమ్మానాన్నలూ, ఇంట్లో దీన్ని తెలుగులో ఆడించండి. తెలుగు మాట్లాడ్డానికి సిగ్గుపడే పిల్లలకు పాత్ర చాటున నాలుగు మాటలు అనడం తేలిక.