ప్రయాణభంగము

బాపట్లవారికి హైదరాబాదు పోవుట నేఁడు ఒక రాత్రి పని. భోజనము ముగించి బండి యెక్కినవారు తెల్లవాఱుసరికి సికింద్రాబాదు స్టేషనులో దిగుచున్నారు. కావున మఱునాఁటి పరీక్షకైనను, ఉద్యోగపు ఇంటర్వ్యూకైనను, పెండ్లి ముహూర్తమునకైనను ముందటి రాత్రియే బయలుదేరుట మనకు అలవాటైపోయినది. టిక్కెట్టు ముందుగాఁ గొందుము. పెట్టె ముందుగా సర్దుదుము. పిల్లి యెదురైనచో ఒక నిమిషము గుమ్మములోఁ గూర్చుందుము. ఇంత చేసియు ప్రయాణము చెడుట కలదు. అది యెట్లు చెడునో ఇటీవలి రెండు సంగతులఁబట్టి విచారింతము.

2024 సెప్టెంబరు 1వ తేది ఆదివారము. బంగాళాఖాతమునఁ బుట్టిన వాయుగుండము ఆనాఁటి తెల్లవాఱుజామునకు ముందే కళింగపట్నముచెంత తీరము దాఁటెను. అది శ్రీకాకుళము సీమ. మనకు చాల దూరము. అయినను వాన కుమ్మరించినది విజయవాడ, ఖమ్మము, మహబూబాబాదు ప్రాంతములలో. బాపట్లలో ఆకాశముఁ జూచి ధైర్యము తెచ్చుకొన్నవానికి తన దారి నూఱామడల యవతలఁ దెగుచున్న సంగతి యెట్లు తెలియును?

దారి తెగినది మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము స్టేషనుల నడుమ. రైలుకట్ట నేలకంటె ఎత్తుగా నుండుటచేత పెద్దవాన కురిసినప్పుడు చెఱువుగట్టువలె నీటిని ఒకవైపు నిలుపును. నీరు పోవుటకై కట్టక్రింద తూములు గలవు గాని, అవి సాధారణపు వానల కొలఁదిని గట్టినవి. పైనున్న చెఱువులు తెగి నీరు ఒక్కుమ్మడి వచ్చినచో తూము చాలదు. నీరు కట్టమీఁదుగాఁ బొరలును. మొదట కంకఱ కొట్టుకొనిపోవును, పిదప మన్ను కరఁగును. పట్టాలును వానిని బట్టియున్న దిమ్మలును మాత్రము ఒకదానికొకటి బిగింపఁబడినవగుటచే నిచ్చెనవలె గాలిలో వ్రేలాడును. దూరమునుండి చూచువానికి పట్టాలు చెక్కుచెదరనట్లే కనఁబడుట ఇందలి గొప్ప ప్రమాదము.

బండ్లు కేసముద్రము, నెక్కొండ మొదలగు స్టేషనులలో నిలిచిపోయెను. పిల్లలతోను ముసలివారితోను జనులు పెట్టెలలోనే గంటలు గడపిరి. రోడ్డున పోవుదమన్నచో నందిగామయొద్ద మున్నేటి నీరు జాతీయరహదారిమీఁదికి వచ్చియుండెను. ఇఁక మిగిలినది తెనాలి, గుంటూరు, నడికుడి, నల్లగొండలమీఁదుగాఁ బోవు దారి. కొన్ని బండ్లను ఆ దారికి మరల్చిరి గాని, అప్పటికి చాలభాగము ఒంటిదారియే యగుటచే రెండుపట్టాల మార్గమున నడుచు బండ్లనన్నిటిని అది మోయఁజాలదు. వందలకొలఁది బండ్లు రద్దయ్యెను. మఱునాఁడు ప్రకాశము బ్యారేజినుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయెను. 2009 అక్టోబరు వరద కంటెను ఇది హెచ్చు.

ఇచ్చట ఒక లెక్క చూడుఁడు. అప్పటి నిబంధనచొప్పున టిక్కెట్టు 120 దినములకు ముందు కొనవచ్చును. (2024 నవంబరునుండి ఇది 60 దినములైనది.) వాయుగుండము సంగతి యెన్నినాళ్లకు ముందు తెలియును? 2023లో మిచాంగ్ తుపానుకు పేరు పెట్టుట డిసెంబరు 3వ తేదిని. అది మన బాపట్లకు దక్షిణముగాఁ దీరము దాఁటుట 5వ తేదిని, మధ్యాహ్నము. నడుమ రెండే దినములు! నాలుగు నెలల జాగ్రత్త ఈ రెండు దినములకు లొంగిపోవుచున్నది. మనము సిద్ధపఱచుకొన్నది పెట్టెలో మన చోటు మాత్రమే. కట్ట, తూము, వంతెన, గాలి — వీనిలో ఏదియు మన చేతిలోనిది గాదు.

ఆ తుపానునాఁడు గాలి రాకముందే బండ్లు ఆపిరని విసుగుకొన్నవారు లేకపోలేదు. వారు 1964 డిసెంబరు 22వ తేది రాత్రి ధనుష్కోటి సంగతి తలఁచుకొనవలెను. పాంబను దీవిలో ప్రయాణికులతో నడుచుచున్న బండిని సముద్రపుటుప్పెన మ్రింగివేసెను. నూఱుమందికి పైఁగా మృతినొందిరి. పిమ్మట పాంబను పాతవంతెనయొద్ద, గాలి గంటకు 58 కిలోమీటర్లు మించినచో ఎఱ్ఱదీపము తనంతట వెలుఁగునట్లు ఏర్పాటు చేసిరి. 1977 నవంబరు 19వ తేది ఉప్పెనను ఎఱిఁగిన దివిసీమ, రేపల్లె, బాపట్ల ప్రాంతముల పెద్దలకు ఈ మాట వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

రద్దయిన బండికి రుసుమంతయుఁ దిరిగివచ్చును. మూఁడు గంటలకు మించి ఆలస్యమైనచో, బండి బయలుదేరకమునుపే ప్రయాణము మానుకొని తెలిపినవానికిని వచ్చును. కాని పరీక్ష తప్పినవానికి ఆ సొమ్ముతో నేమగును? కావున ఆశ్వయుజ కార్తికములలో ముఖ్యమైన పని గలవారు ఒక దినము ముందుగాఁ బోయి అక్కడ నిద్రించుట మేలని మా యభిప్రాయము. ఒక రాత్రి బస ఖర్చు బీదవారికి భారమే యని మే మెఱుఁగుదుము. ఏండ్లతరబడి చదివిన చదువు ఒక వానకుఁ బోవుట అంతకంటె భారము.

ఇంటికన్నెయొద్ద పనివారు వానలోనే రేయింబవళ్లు కంకఱ పోసి, మన్ను నింపి, కట్టను మరల నిలిపిరి. 4వ తేదిని మొదట ఒక దారి సిద్ధమయ్యెను. క్రొత్తకట్టమీఁద మొదటి బండిని మనుష్యుఁడు నడచునంత మెల్లగా నడిపించిరి.