సైనికాధికారుల పాతకార్లలో అసలు భాగాల గుర్తింపు: పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం: సైన్యం వాడి విడిచిన పాత స్టాఫ్ కార్లను బాగుచేసేటప్పుడు, మామూలు నమూనాలో కనిపించని భాగాన్ని పరాయిదిగా భావించి తొలగించే ప్రమాదం ఉంది. నిజానికి ఆ భాగమే కారు సైనికచరిత్రకు సాక్ష్యం కావచ్చు. ఈ గుర్తింపునకు పాఠపరిష్కరణ తర్కం ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్టాఫ్ కారు, అసలు భాగం, క్లిష్టపాఠం, ప్రక్షిప్తం, ఉప్పల్, నాచారం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పుభాగంలోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో లేత్, వెల్డింగు పనులు చేసే చిన్న పరిశ్రమలున్నాయి. బజారులో దొరకని భాగాన్ని నమూనా చూపి చేయించుకోవడం ఇటువంటి చోట అసాధ్యం కాదు. ఈ సౌకర్యంలోనే ఒక చిక్కు ఉంది. కొత్తది చేతికి రాగానే పాతది తుక్కులోకి పోతుంది. దానితోపాటు అది చెప్పగల సమాచారమూ పోతుంది.

2. క్లిష్టపాఠ సూత్రం

సి.పి. బ్రౌన్ అనేక ప్రతులను పోల్చి వేమన పద్యాలను 1829లో ప్రచురించారు. ప్రతులను పోల్చేవారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది: లేఖకుడు తనకు తెలియని పదాన్ని తెలిసిన పదంగా మారుస్తాడు. అందుకే క్లిష్టపాఠానికి విలువ ఎక్కువ. మెకానిక్ కూడా ఒక విధంగా లేఖకుడే. అరుదైన భాగం చెడితే దొరికినదాన్ని బిగిస్తాడు. కనుక కారణం తెలియని వింతభాగం కనబడితే, అది అసలుదేమోనని ముందుగా పరిశీలించాలి.

3. సాక్ష్యాలు

3.1 ప్రయోజనం: రెండో ప్రపంచయుద్ధకాలపు బ్రిటిష్ సైనిక వాహనాల్లో హెడ్‌లైట్లకు ముసుగులుండేవి. వెనుక ఇరుసు మధ్యభాగానికి తెల్లరంగు వేసి, దానిపై పడేలా చిన్నదీపం అమర్చేవారు. చీకట్లో వెనుక వచ్చే వాహనానికి అదే గుర్తు. ఈ సంగతి తెలియనివారికి ఆ దీపం అనవసరంగా తోస్తుంది.

3.2 ముద్రలు: లూకాస్ సంస్థ డైనమో, డిస్ట్రిబ్యూటర్ వంటి వాటిపై తయారైన నెల, సంవత్సరం అంకెలుగా ముద్రించేది. మద్రాసులో లూకాస్ టి.వి.ఎస్. 1961లో ఏర్పడింది. కాబట్టి అంతకుముందరి అంబాసిడర్‌లో ఇంగ్లండు ముద్ర ఉన్న డైనమో కనబడితే, విదేశీయమన్న కారణంతో తోసిపుచ్చరాదు. ముద్రలోని తేదీని కారు తయారీకాలంతో సరిచూడాలి.

3.3 మరలు: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొందిన అంబాసిడర్‌లో ఇంజను బోల్టుల కొలతలను కూడా పరిశీలించాలి. మిగిలినవాటితో కొలత కలవని బోల్టు ఉంటే అది తరువాత చేరినది కావచ్చు.

3.4 నంబరు: భారతసైన్య వాహనాల నంబరులో పైకి చూపే బాణం, సంవత్సరాన్ని సూచించే రెండంకెలు ఉంటాయి. పై రంగును నెమ్మదిగా తొలగిస్తే అడుగున ఈ నంబరు జాడ దొరకవచ్చు.

4. ప్రక్షిప్తాలు

వింతగా ఉన్నదంతా అసలుది కాదు. విలువ పెంచడానికి పౌరవాహనానికి జెండాకర్ర, నక్షత్రాల పలక బిగించే వీలుంది. ఇక్కడ రంధ్రమే సాక్షి. రంధ్రం లోపలి అంచున తొలిరంగు ఉంటే, రంగు వేయకముందే తొలిచారని ఊహించవచ్చు. రంగుపొరలను చీల్చుకుని లోహం బయటపడితే అది తరువాతి పని. ఏ ఒక్క సాక్ష్యంతోనూ తీర్పు చెప్పరాదు. కనీసం రెండు ఏకీభవించాలి.

5. ముగింపు

2021 జులైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం నిలుపుకొన్న వాహనానికే వింటేజ్ నమోదు లభిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగితే ఆ అర్హత పోతుంది. చిన్నభాగాల సంగతి చట్టం కంటె చరిత్రకు ముఖ్యం. విప్పేముందు ఫొటో తీయడం, విప్పిన ప్రతిభాగానికీ చీటీ కట్టడం, కొత్తది బిగించినా పాతదాన్ని కారుతోనే భద్రపరచడం అవసరం. పరిష్కర్త తాను స్వీకరించని పాఠాన్ని కూడా అధోజ్ఞాపికలో నిలుపుతాడు. కారును బాగుచేసేవారికీ ఆ నియమమే శ్రేయస్కరం.