సగం యాంటెనా కారే!

కారు వెనక సన్నటి స్టీలు కడ్డీ రెండున్నర మీటర్ల ఎత్తున నిలబడి ఉంటే, హైవే పక్క టీకొట్టు దగ్గర మొదట వినిపించే మాట ఒకటే. ‘‘పోలీసు వైర్‌లెస్సా సార్?’’ కాదు, లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు మాట్లాడుకునే హామ్ రేడియో అంటే వెంటనే రెండోది. ‘‘చేతిలో సెల్లుంది కదా, మళ్లీ ఇదెందుకండీ?’’

ఈ రెండో ప్రశ్నకు విశాఖ వాళ్లయితే ఠక్కున జవాబు చెబుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరం దగ్గరే తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, వాటితోపాటే ఫోన్లూ మూగబోయాయి. ఊరికి ఆ చివరనున్న అన్నదమ్ముల క్షేమం ఈ చివరివాళ్లకు తెలియని పరిస్థితి. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచెత్తిన రోజున పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హామ్ రేడియో బృందం అప్పటికే మకాం వేసి ఉంది. భారతి ప్రసాద్ నాయకత్వంలో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికని వెళ్లిన బృందమది. ఫోన్లు తెగిపోగానే వాళ్ల సెట్లే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు మోశాయి. హైదరాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ 1,600 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో టవరు అక్కర్లేదు, కేబులు అక్కర్లేదు, ఉపగ్రహమూ అక్కర్లేదు.

కావలసిందల్లా ఆకాశం. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాలను హెచ్‌ఎఫ్ అంటారు. ఒకప్పుడు ఇంటింటా షార్ట్‌వేవ్ మీద సిలోన్ పాటలు వినిపించింది ఈ తరంగాలే. ఎండ తగిలి విద్యుదావేశం పుంజుకున్న గాలిపొరలు వంద నుంచి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తు దాకా పరచుకుని, ఈ తరంగాలను వంచి మళ్లీ నేలకు దించుతాయి. వాటికన్నా కింద, అరవై నుంచి తొంభై కిలోమీటర్ల మధ్య ఇంకో పొర ఉంది. పగటిపూట అది తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, పొద్దుగూకగానే మాయమవుతుంది. అందుకే 7 మెగాహెర్ట్జ్ దగ్గరుండే 40 మీటర్ల బ్యాండ్ మీద పగలు విజయవాడ, బెంగళూరు, చెన్నై పలికితే, రాత్రయ్యాక వేల కిలోమీటర్ల అవతలివాళ్లు కూడా పలుకుతారు. 14 మెగాహెర్ట్జ్ దగ్గరి 20 మీటర్ల బ్యాండ్‌కు పట్టపగలే దూరదేశాలు అందుతాయి. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి, వాటితోపాటే ఈ పొరల బలమూ. ఇప్పటి చక్రం 2024 ప్రాంతంలో పతాకస్థాయికి చేరింది. ఆ రోజుల్లో 28 మెగాహెర్ట్జ్ మీద కొద్దిపాటి పవరుతోనే యూరప్ పలికేది.

ఇంట్లో హెచ్‌ఎఫ్ స్టేషన్ పెట్టుకోవాలంటే 40 మీటర్ల బ్యాండ్‌కు మేడ మీద ఇరవై మీటర్ల తీగ కట్టాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు అసోసియేషన్‌ను ఒప్పించడమే పెద్ద పని. కారుకు ఆ బెడద లేదు. బ్యాటరీ దానిదే, చార్జింగ్ దానిదే, అవసరమున్న చోటికి దానంతట అదే పోతుంది. చిక్కంతా ఆ ఇరవై మీటర్ల తీగ స్థానంలో రెండున్నర మీటర్ల కడ్డీతో సరిపెట్టుకోవాల్సి రావడంలోనే ఉంది.

సెట్టు గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. యాయెసు ఎఫ్‌టీ-891, ఐకామ్ ఐసీ-7100 లాంటివి 100 వాట్ల సెట్లు. వీటి ముందు పలకను విడదీసి డ్యాష్‌బోర్డు మీద బిగించుకుని, అసలు పెట్టెను సీటు కిందో డిక్కీలోనో పెట్టుకోవచ్చు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు నెలల తరబడి ఏ సెట్టు కొనాలా అని తర్జనభర్జన పడతారు. అందులో సగం శ్రద్ధ తీగల మీద, బోల్టుల మీద పెడితే మంచిదని నా గట్టి నమ్మకం. కారులోని మొబైల్ స్టేషన్ బాగా పలికేదీ పలకనిదీ తేలేది అక్కడే.

మొదట కరెంటు సంగతి. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 నుంచి 23 ఆంపియర్ల దాకా లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10, 15 ఆంపియర్లే కనుక దాని జోలికి పోకూడదు. బ్యాటరీ నుంచి నేరుగా వేరే తీగ లాగాలి. అదీ తగినంత లావుది ఉండాలి. రానూపోనూ 8 మీటర్ల దారిలో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 22 ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు తీగలోనే ఆవిరైపోతాయి. సెట్టు గొంతు బొంగురుపోతుంది, ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోతుంది కూడా. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగయితే నష్టం అర వోల్టు. పాజిటివ్ తీగకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరం లోపే ఉండాలి. ఆ తీగ బానెట్ కిందనుంచి క్యాబిన్‌లోకి దూరేచోట రేకు అంచు ఎప్పుడైనా దాన్ని కోయవచ్చు. ఫ్యూజు సెట్టు దగ్గర మాత్రమే ఉంటే ఆ మధ్య తీగంతా నిప్పంటుకునే దాకా ఆపేవాడుండడు. నెగటివ్ విషయంలో కొత్త కార్లకు ఒక జాగ్రత్త ఉంది. చాలావాటిలో బ్యాటరీ నెగటివ్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటోంది. సెట్టు నెగటివ్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపితే దాని లెక్క తప్పుతుంది. బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసిన చోటే దీన్నీ కలపాలి.

ఇక యాంటెనా. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 42 మీటర్లు. కారు మీద నిలబెట్టే యాంటెనా అందులో పావు వంతు ఉండాలి, అంటే పదిన్నర మీటర్లు. మూడంతస్తుల మేడంత! అందుకే కడ్డీని రెండున్నర మీటర్లకు కుదించి, తగ్గిన పొడవును ఒక కాయిల్‌తో పూడుస్తారు. కాయిల్‌ను కడ్డీ అడుగున పెడితే గట్టిగా నిలుస్తుంది, నడిమికి జరిపితే బాగా పలుకుతుంది. అమెరికాలో డాన్ జాన్సన్ అనే హామ్ కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్ మోటారుతో ఆ కాయిల్‌ను పైకీ కిందికీ జరిపే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. అందుకే ఆ రకానికి స్క్రూడ్రైవర్ యాంటెనా అన్న పేరు స్థిరపడింది. డ్రైవరు సీట్లోంచే మీట నొక్కి బ్యాండు మార్చుకోవచ్చు. ఖరీదు ఎక్కువే. ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో కడ్డీ కొనుక్కుని, ఆపినప్పుడు దిగి మార్చుకోవడం చవక మార్గం. మొదలుపెట్టేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఇంత కుదించినందుకు చెల్లించాల్సిన మూల్యం ఉంది. ఆ పొట్టి కడ్డీ నిజంగా గాల్లోకి పంపే శక్తికి సంబంధించిన నిరోధం 40 మీటర్ల మీద మహా అయితే రెండు ఓమ్‌లు. కాయిల్‌లో వేడిగా పోయేది నాలుగైదు ఓమ్‌లు. కారు బాడీ, దాని కింది నేల తినేది మరో పది. అంటే సెట్టు 100 వాట్లు ఇస్తే గాల్లోకి వెళ్లేది పన్నెండు వాట్ల చిల్లర. కడ్డీలో పారిన కరెంటు తిరిగి రావాల్సింది కారు రేకు మీదుగానే. యాంటెనాలో రెండో సగం కారేనన్నమాట. కడ్డీని మార్చలేం, నేలను మార్చలేం. మన చేతిలో ఉన్నది కారు రేకు ఒక్కటే.

బోల్టు బిగించే పనిలో ఆ రేకు విలువ తెలుస్తుంది. వెనక బంపర్ లోపలి చాసిస్ మీద బ్రాకెట్ కూర్చునే చోట ఎమ్రీ కాగితంతో రూపాయి బిళ్ల మేర రుద్దాలి. మొదట పై రంగు పోతుంది, తర్వాత బూడిదరంగు ప్రైమర్, ఆ తర్వాతే తళతళలాడే ఇనుము. ప్రైమర్ దగ్గరే ఆపేస్తే పనంతా వృథా. స్టార్ వాషర్ పళ్లు ఆ మెరిసే ఇనుములోకి దిగేదాకా పానాతో బిగించి, పైన గ్రీజు పట్టించాలి. మల్టీమీటర్ ఒక కొనను బ్రాకెట్‌కు, ఇంకో కొనను బ్యాటరీ నెగటివ్‌కు ఆనిస్తే అంకె సున్నా పక్కన నిలవాలి. తర్వాత డిక్కీ తలుపు, బానెట్, తలుపులు, సైలెన్సర్ గొట్టం. కంటికి కారంతా ఒకే ఇనుపముద్ద అనిపిస్తుంది గానీ, బానెట్ రెండు కీళ్ల మీద, సైలెన్సర్ రబ్బరు కొక్కేల మీద వేలాడుతుంటాయి. వీటన్నిటినీ వెడల్పాటి రాగి అల్లిక పట్టీలతో బాడీకి కలపాలి. అడుగున అయస్కాంతం ఉన్న స్టాండ్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అవి రంగు పొర మీద కూర్చుంటాయి కాబట్టి 144 మెగాహెర్ట్జ్‌కు పనికొస్తాయి, 7 మెగాహెర్ట్జ్‌కు చాలవు.

ఇక్కడే మీటరు మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. యాంటెనా కుదిరిందో లేదో చూడటానికి అందరూ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెడతారు. ఒకటికి దగ్గరగా వస్తే సంబరం. కానీ పై లెక్క ప్రకారం మంచి మొబైల్ యాంటెనా మొత్తం పదహారు, పదిహేడు ఓమ్‌లే ఉండాలి. 50 ఓమ్‌ల కేబులుకు దాన్ని నేరుగా కలిపితే మీటరు మూడు చూపించాలి. అడుగున ఒక చిన్న కాయిల్‌ను బాడీకి కలిపాకే అది ఒకటికి దిగుతుంది. ఆ చిన్న కాయిల్ లేకుండానే మీటరు ఒకటి చూపిస్తోందంటే మిగతా ముప్పై పైచిలుకు ఓమ్‌లు నష్టం రూపంలో వచ్చి చేరాయన్నమాట. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోసినా పొంగవు, అలాగని కుండ బాగున్నట్టు కాదు. అలాంటి యాంటెనా నుంచి గాల్లోకి వెళ్లేది నాలుగు వాట్లే. ‘‘మీటరు బ్రహ్మాండంగా ఉందండీ, ఎవరూ పలకడం లేదు’’ అనేవాళ్ల కారు కిందికి ఒకసారి దూరి చూడాలి.

రాగి పట్టీల వల్ల ఇంకో లాభం ఉంది. సెట్టులో వినిపించే ఇంజన్ రొద తగ్గుతుంది. కారు వెలువరించే విద్యుత్ గోల అంతా ఇంతా కాదు. స్పార్క్ ప్లగ్గుల టకటక, ఆల్టర్నేటర్ ఈల, పెట్రోలు పంపు రొద ఉంటాయి. అన్నిటికన్నా ఘోరం చవకబారు ఫోన్ చార్జర్. ముందు ఇంజన్ ఆపి వినాలి, తర్వాత తాళం తిప్పి, చివరికి స్టార్ట్ చేసి. ఏ మెట్టు దగ్గర గోల మొదలైందో అక్కడి తీగకు ఫెరైట్ రింగులు తొడగాలి. చార్జర్‌ను పీకి పక్కన పెట్టేయడమే మేలు.

తీరా అన్నీ కుదిరాక, మాట్లాడే ముందు ఎక్కువసేపు వినాలి. మన పన్నెండు వాట్లతో ఇళ్లమీది పెద్ద యాంటెనాల మధ్య ‘సీక్యూ, సీక్యూ’ (ఎవరైనా పలకండి) అని అరిస్తే వినేవాళ్లు తక్కువ. గట్టిగా వినిపిస్తున్న స్టేషన్ పిలుపు ముగించగానే తన పిలుపు సంకేతమైన కాల్‌సైన్‌తోపాటు ‘మొబైల్’ అని చేర్చి జవాబిస్తే పదిమంది పక్కకు తప్పుకుని దారిస్తారు. ఈ మర్యాద హామ్‌లలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 40 మీటర్ల మీద ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్), 20 మీటర్ల మీద యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) వాడటం ఆనవాయితీ. మాటలు ఇలా సాగుతాయి.

‘‘గుడ్ మార్నింగ్ సార్, మీ సిగ్నల్ ఫైవ్ సెవెన్ వస్తోంది. ఎక్కడిదాకా వచ్చారు?’’

‘‘సూర్యాపేట దాటామండీ. బండి పక్కకు తీసి ఆపాను.’’

‘‘అయితే తీరిగ్గా మాట్లాడుకుందాం. అక్కడ వానుందా?’’

‘పక్కకు తీసి ఆపాను’ అన్నది ఊరకే అన్న మాట కాదు. డ్రైవింగ్‌లో చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ సాధనాలు వాడకూడదని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, బలహీనంగా తేలివచ్చే గొంతును పట్టుకోవడానికి చెవులన్నీ అటే పెట్టాలి. అప్పుడు రోడ్డు కనిపించదు. పక్కన ఇంకొకరు నడుపుతుంటే వేరే సంగతి. ఆపేచోటు కూడా చూసుకోవాలి. కరెంటు తీగల కింద గోల ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది. ఊళ్లలో వేలాడే తీగలకూ, పెట్రోలు బంకు కప్పుకూ కడ్డీ తగలకుండా మడతపడే బ్రాకెట్ వేయించుకోవడం తప్పనిసరి. మాట్లాడుతుండగా పిల్లలు కడ్డీని ముట్టుకుంటే చర్మం కాలుతుంది. టీకొట్టు దగ్గర చుట్టూ జనం మూగినప్పుడు మైకు నొక్కకూడదు.

ఇదంతా లైసెన్సు ఉన్నవాళ్లకే. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది. పన్నెండేళ్లు నిండితే చాలు, రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి ఎనిమిది మాటల వేగం చూపించాలి. పవర్ పరిమితి గ్రేడును బట్టి మారుతుంది. మొబైల్ వాడకానికి తన లైసెన్సు ఏం చెబుతోందో చదువుకుని, దాని కాపీ కారులోనే ఉంచుకోవడం మంచిది. చెక్‌పోస్టు దగ్గర ఆపినప్పుడు అక్కరకొస్తుంది.

ఒకసారి బిగించి వదిలేసే పని కాదిది. వానాకాలం వెళ్లాక ప్రతి బోల్టూ విప్పి, తుప్పు గీకి, మళ్లీ గ్రీజు పట్టించాలి. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాలవాళ్లు ఉప్పుగాలికి భయపడి ఇంకొంచెం తరచుగానే చూసుకోవాలి. రాగి పట్టీ ఆకుపచ్చబడితే దాన్ని తోమడం కన్నా మార్చేయడం నయం. ఏటా తుపాన్ల కాలానికి ముందు ఒక సాయంత్రం వేళ అదే చోట, అదే బ్యాండు మీద, తెలిసిన స్టేషన్‌ను పిలిచి సిగ్నల్ రిపోర్టు తీసుకుని లాగ్‌బుక్కులో రాసుకోవాలి. నిరుటి అంకె కన్నా మరీ తగ్గిందంటే పానా చేతబట్టి కారు కిందికి దూరాల్సిందే.