స్పృహకు వేసే మార్కులు

తలకు దెబ్బ తగిలి ఐసీయూలో పడుకున్న మనిషి గురించి ఇంటివాళ్లు మొదట అడిగేది స్పృహ వచ్చిందా అనే. జవాబుగా తరచూ ఒక అంకె వినబడుతుంది: జీసీఎస్ 8, జీసీఎస్ 11. ఆ అంకె ఎలా వస్తుందో, ఎంతవరకు నమ్మవచ్చో వాళ్లకు తెలియాలి.

జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్. గ్రహామ్ టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే న్యూరోసర్జన్లు 1974లో గ్లాస్గోలో దీన్ని రూపొందించారు. అంతకుముందు ఒక డాక్టరు మగత అని రాసిన స్థితిని ఇంకో డాక్టరు కోమా అని రాసేవాడు. వీళ్లు ఊహలు పక్కనపెట్టి కంటికి కనబడేవి మూడే చూడమన్నారు. ఇప్పుడు వాడే రూపంలో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. అసలు స్పందన లేకపోయినా ఒక్కోదానికి 1 పడుతుంది కాబట్టి కనిష్ఠం 3, గరిష్ఠం 15. గాయమైన మనిషికి 8 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన దెబ్బగా లెక్కిస్తారు.

ఈ మూడింటిలో ఎక్కువ సంగతులు చెప్పేది కదలిక. చెప్పిన పని చేస్తే 6. చేయకపోతే మెడకూ భుజానికీ మధ్య కండరాన్ని గిల్లుతారు, లేదా కనుబొమ్మ దగ్గర ఎముక గాడి మీద నొక్కుతారు. చెయ్యి ఆ నొప్పి ఉన్న చోటికి లేచి వస్తే 5. వేలిని నొక్కినప్పుడు దాన్ని వెనక్కి లాక్కుంటే 4. మోచెయ్యి అసహజంగా ముడుచుకుంటే 3, బిగుసుకుని చాచుకుంటే 2. 'నా చెయ్యి పట్టుకో' అన్నప్పుడు వేళ్లు బిగిశాయని సంబరపడకూడదు. అరచేతిలో ఏది పెట్టినా మూసుకునే ప్రతిక్రియ మెదడు దెబ్బతిన్నవాళ్లలో కనబడుతుంది. 'వదిలెయ్' అంటే వదిలాడా అన్నదే అసలు పరీక్ష.

మూడూ కలిపి ఒక్క అంకెగా చెప్పడం నాకు నచ్చని పద్ధతి. పక్షవాతంతో మాట పోయిన మనిషి తనంతట కళ్లు తెరిచి, చెప్పింది చేస్తాడు: 4, 1, 6. మరొకరు పిలిస్తే కళ్లు తెరిచి, తికమకపడుతూ మాట్లాడి, నొక్కితే వేలు లాక్కుంటారు: 3, 4, 4. ఇద్దరికీ మొత్తం 11. ఇద్దరి మెదళ్లలో జరుగుతున్నది వేరు, అందాల్సిన వైద్యమూ వేరు. గొంతులో ట్యూబు ఉన్నా, వాచి కళ్లు మూసుకుపోయినా అక్కడ 1 వేయకూడదు, పరీక్షించలేకపోయామని రాయాలి. రక్తంలో చక్కెర పడిపోయినా, మత్తుమందు ఇచ్చినా స్కోరు తగ్గుతుంది. చెవుడు ఉందేమో కూడా అడగాలి. ఆదేశం రోగికి వచ్చిన భాషలోనే ఇవ్వాలి. తెలుగు తప్ప రాని ముసలమ్మకు ఇంగ్లిషులోనో హిందీలోనో చెప్పి, పలకలేదని రాయడం అన్యాయం.

వారాలు గడిచి, కళ్లు తెరిచినా పలకని దశలో పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎరుక ఏమాత్రం లేదని వైద్యబృందం తేల్చిన 44 మందిని కోమా రికవరీ స్కేల్ రివైజ్డ్ అనే పరీక్షతో మళ్లీ చూస్తే, 18 మందిలో కనీస స్పృహ జాడలు కనబడ్డాయి. ఈ పరీక్షలో చూపు అనుసరిస్తుందా అని తెలుసుకోవడానికి అద్దం వాడతారు. వేలికో పెన్నుకో కదలని కళ్లు తన ముఖం కనబడేసరికి కదలవచ్చు. స్పృహ ఒక పూట ఉండి మరో పూట మాయమవుతుంది కాబట్టి కొద్ది రోజుల వ్యవధిలో కనీసం ఐదుసార్లు పరీక్షించడం మేలు.

మంచం పక్కన ఎంత జాగ్రత్తగా చూసినా అందనివాళ్లూ ఉన్నారు. 2006లో న్యూరోశాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, ఏ స్పందనా లేని 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పైకి ఏ ఆదేశమూ పాటించని 241 మందిలో 60 మంది ఇలా లోపల పాటిస్తున్నట్టు స్కాన్‌లోనో ఈఈజీలోనో తేలింది.

ఇలాంటి పరీక్షలు కొద్ది కేంద్రాల్లోనే సాధ్యం. అద్దం మాత్రం ప్రతి వార్డులోనూ పెట్టుకోవచ్చు. కూతురు గొంతు విన్నప్పుడు నాన్న కళ్లు తిప్పాడని ఇంటివాళ్లు చెబితే, అది ఆశకొద్దీ అంటున్న మాటని తోసేయకుండా, ఆ కూతురినే పక్కన నిలబెట్టి, మత్తుమందు ప్రభావం లేని వేళ మళ్లీ పరీక్షించాలి. ఇంటివాళ్లు కూడా తాము చూసినది ఏ వేళ, ఏం అన్నప్పుడు జరిగిందో రాసిపెట్టి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి, డాక్టరుకు చూపించాలి.