సాలీళ్లలోనూ ఉమ్మడి కాపురం

హిందూపురం: సాలెపురుగు ఒంటరి జీవి అన్నది తరతరాల భావన. శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివునికి గూడు అల్లిన సాలీడు సైతం ఒంటరిదే. సాధారణంగా ఒక సాలీడు గూటిలో మరొకటి అడుగుపెడితే ఆహారమైపోతుంది. ఈ కట్టుబాటుకు లోబడని జాతి ఒకటి దక్షిణ భారత మెట్ట ప్రాంతాల్లోనే ఉంది. దాని శాస్త్రీయ నామం స్టెగోడైఫస్ సారసినోరమ్. ప్రపంచంలో ఇప్పటివరకు గుర్తించిన సాలీడు జాతులు 50 వేలకు పైబడగా, జీవితాంతం గుంపుగా బతికేవి పాతిక వరకు మాత్రమే. వాటిలో ఇదొకటి.

జర్మన్ శాస్త్రవేత్త కార్ష్ 1892లో దీనిని తొలిసారి వర్ణించారు. దీని జీవన విధానంపై జంబునాథన్ రాసిన వ్యాసం 1905లో వెలువడింది. ఆ తరువాత డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిత్తూరు జిల్లా కుప్పం పరిసరాల్లో దీనిపై అధ్యయనాలు జరిపారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోని తుమ్మచెట్లు, ముళ్లకంపలు, చేల కంచెలు కూడా ఇటువంటి జీవికి అనువైన తావులే. కొమ్మల నడుమ ఎండుటాకులు, పురుగుల రెక్కలు అంటుకున్న బూడిదరంగు ముద్ద దీని గూడు. లోపల సన్నని దారులుంటాయి. పదుల నుంచి వందల సాలీళ్లు అందులో కాపురముంటాయి. చుట్టూ పరచిన వల అందరిదీ.

ఆ వల దారం సంగతి ధర్మవరం నేతన్నలకు ఆసక్తి కలిగించక మానదు. అందులో జిగురు ఉండదు. వెనుక కాళ్లపై ఉన్న దువ్వెన వంటి వెంట్రుకలతో సాలీడు అతి సన్నని పోగులను దువ్వి నూగులా చేస్తుంది. ఆ నూగులోనే పురుగుల కాళ్లు చిక్కుకుంటాయి. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్ల దారం పురుగు నోటి నుంచి వెలువడుతుంది. సాలీడు దారం పొట్ట చివర నుంచి వస్తుంది.

సాలీడు పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. ఒంటరిగా పెద్ద మిడతను లొంగదీయడం దానికి కష్టం. వల కదలికను పసిగట్టి పలు సాలీళ్లు ఒక్కసారిగా పైబడతాయి. పట్టిన దానిని పంచుకుంటాయి. చీమల్లో మాదిరి రాణి, కూలీ అన్న భేదం వీటిలో లేదు.

అయితే ఈ ఐక్యతకు చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. తల్లి తొలుత తాను జీర్ణించుకున్న ఆహారాన్నే ద్రవరూపంలో పిల్లలకు అందిస్తుంది. చివరకు పిల్లలు తల్లినే పీల్చి తినేస్తాయి. గుంపులో ఆడవాటి సంఖ్యే బాగా ఎక్కువ. జతకట్టడం సైతం ఆ గూటిలోని తోబుట్టువుల మధ్యే జరుగుతుంది. ఫలితంగా జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోయినట్లు పరిశోధనల్లో తేలింది. అంతా ఒకే పోలిక కావడంతో రోగం సోకితే గుంపు మొత్తం తుడిచిపెట్టుకుపోయే ప్రమాదముంది.

కొత్త గూళ్లు చాలావరకు పాతదానికి చేరువలోనే వెలుస్తాయి. అందుకే చీడ పట్టిందన్న అనుమానంతో కంచెకు నిప్పు పెడితే ఒక గూడే కాక, దాని పక్కన పుట్టిన పిల్ల గూళ్లు కూడా కాలిపోతాయి. నిజానికి ఆ ముద్ద చెట్టుకు తెగులు కాదు. ఆకు తినే మిడతలూ అందులో చిక్కుతాయి.