ఒక మరణము - లక్ష మరణములు

ఒక యింట హత్య జరిగినచో ఊరెల్ల కదలును. హంతకుడు పట్టుబడువరకు జనులకు నిద్ర పట్టదు. యుద్ధములో ఒక్కరాత్రి వేలకొలది ఇండ్లు కాలి నిరాయుధులైన ప్రజలు మాడిపోయినను, ఆ వార్త అంకెగా వచ్చి అంకెగనే మరుగుపడును. ఈ భేదమునకు కారణమేమి? ఒకే దేశమునకు సంబంధించిన రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో కొంత బోధపడగలదు.

1932 మార్చి 1వ తేదీ రాత్రి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, లిండ్‌బర్గ్ అను వైమానికుని ఇంటినుండి ఇరువది నెలల పసివానిని ఎవరో ఎత్తుకొనిపోయిరి. 1927లో అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా, మధ్య నెచ్చటను దిగక దాటిన లిండ్‌బర్గ్ అప్పటికే జగత్ప్రసిద్ధుడు. మే 12న శిశువు శవము దొరకెను. దేశమంతయు అట్టుడికినట్లుడికెను. ఎత్తుకొనిపోయినవారిని రాష్ట్రపు ఎల్లలు దాటించుటను కేంద్రప్రభుత్వము విచారింపదగిన నేరముగా జేయుచు ఆ యేడే శాసనము వెలువడెను. 1935లో విచారణ జరిగిన ఫ్లెమింగ్టన్ అను చిన్నపట్టణమునకు విలేఖరులు వందలకొలదిగా చేరిరి. నేరస్థుడని నిర్ణయింపబడిన హాప్ట్‌మన్‌కు 1936 ఏప్రిల్‌లో మరణదండన అమలు జరిగెను.

పదుమూడేండ్లు గడచినవి. 1945 మార్చి 9, 10 తేదీల నడిమిరాత్రి సుమారు 300 అమెరికా విమానములు టోకియో నగరముపై నిప్పుబాంబులు కురిపించెను. కొయ్య యిండ్లు క్రిక్కిరిసిన పేటలలో దాదాపు 41 చదరపు కిలోమీటర్ల మేర భస్మమయ్యెను. మృతులు లక్షకు చేరువయని అంచనా. యుక్తవయస్కులగు పురుషు లనేకులు సైన్యమున నుండుటచే స్త్రీలు, పిల్లలు, వృద్ధులు పెక్కుమంది బలియైరి. ఇరువది నెలల బిడ్డలును వారిలో నుండిరి. అమెరికా పత్రికలకు మాత్రమది విజయవార్త.

ఆ ప్రజలకు దయ లేదనుట న్యాయము కాదు. 1937లో చైనా నగరములపై జపాను బాంబులు వేసినపుడు అమెరికా ప్రభుత్వము నిరసన తెలిపెను. 1939 సెప్టెంబరు 1న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, పౌరులపై బాంబులు వేయవలదని యుద్ధమునకు దిగు రాజ్యములను కోరెను. అయిదున్నర యేండ్లలో ఆ మాట పొగలో కలిసిపోయెను.

లిండ్‌బర్గ్ బిడ్డకు పేరున్నది, ముఖమున్నది. పత్రికలో ఛాయాచిత్రము చూచిన ప్రతి తల్లియు తన బిడ్డనే తలచుకొనెను. ఆ నేరమునకు వేలెత్తి చూపదగిన మనిషియు, విచారించు న్యాయస్థానమును ఉండెను. టోకియోలో చేయి యెవరిది? ఆజ్ఞ యిచ్చినవాడు, బాంబు చేసినవాడు, విమానము నడపినవాడు, పన్ను కట్టినవాడు - ఇందరిలో పంచుకొనబడిన బాధ్యత ఎవరికిని బరువనిపించదు. పైగా చనిపోయినవారు శత్రుదేశీయులు.

హత్యయు యుద్ధమును ఒకటి కావనువారు గలరు. ఇండ్ల నడుమనే ఆయుధములు చేయు కర్మశాలలుండెననియు, యుద్ధము త్వరగా ముగియవలెననియు వారి వాదము. అది విచారింపదగినదే. కాని విచారణయే జరుగకుండుట వేరు. 1944 ఫిబ్రవరిలో జార్జ్ బెల్ అను బిషప్పు బ్రిటిషు ప్రభువుల సభలో నిలిచి, జర్మను నగరముల నిట్లు ధ్వంసము చేయుట న్యాయమా యని తన ప్రభుత్వమునే ప్రశ్నించెను. అట్లడిగినవారు బహు కొద్దిమంది.

చట్టము ఆలస్యముగానైనను కదలినది. జనావాసమునంతను ఒకే లక్ష్యముగా నెంచి బాంబులు వేయుటను 1977లో జెనీవా ఒడంబడికలకు చేర్చిన అనుబంధ పత్రము నిషేధించినది. టోకియోలోని యొకోఅమిచో ఉద్యానవనమున 2001లో నిర్మించిన స్మారకమునందు మృతుల పేర్ల పట్టికలు భద్రపరుపబడినవి. అంకెలు మరల మనుష్యులగుట అట్లే మొదలగును.

ఒక శిశువునకై కార్చిన కన్నీరు తప్పు కాదు. దానిని తగ్గించుకొన నక్కరలేదు. హత్య జరిగినపుడు మనమడుగు ప్రశ్నలు మూడు: చనిపోయినదెవరు? చంపినదెవరు? సమాధానము చెప్పవలసినదెవరు? యుద్ధవార్తలో వేయి యను సంఖ్య వినబడినపుడును ఈ మూడింటిని అడుగగలిగినచో, మన ధర్మాగ్రహము ఒక్క యింటి గడపవద్దనే ఆగిపోకుండును.