మూలకణము ఎచ్చటిది?

తాంబూలమునకు వాడు సున్నపు పొట్లముతో పిల్లలాడుకొనునపుడు అది చిట్లి కంటబడుటయు, చూపు పోవుటయు మన కంటివైద్యులు ఎరుగనిది కాదు. సున్నము నల్లగ్రుడ్డును కప్పియుండు పారదర్శకమగు కార్నియాను కాల్చివేయును. చిన్న గీరుడైనచో ఆ పైపొర కొలది దినములలోనే మరల కమ్ముకొనును. నల్లగ్రుడ్డు, తెల్లగ్రుడ్డు కలియు అంచున దాగియున్న కొన్ని కణములు ఎడతెగక క్రొత్త కణములను లోనికి పంపుచుండుటయే దీనికి కారణము. ఆ అంచు గూడ కాలినచో పొర పెరుగదు; తెల్లగ్రుడ్డు పైనుండు పొర రక్తనాళములతో లోనికి ప్రాకి చూపును మూసివేయును.

ఆ అంచున నున్నవి మూలకణములు. రైతు పంటలో కొంత తిండికి వాడి, కొంత విత్తనమునకు దాచుకొనును గదా! మూలకణము విభజన చెందినపుడు గూడ కొన్ని కణములు పనిలోనికి పోవును. కొన్ని మూలకణములుగనే మిగులును.

హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్యసంస్థలో వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు 2012లో ఒక సులభపద్ధతిని ప్రకటించిరి. రోగి యొక్క మంచి కంటి అంచునుండి సుమారు 2 మిల్లీమీటర్ల తునకను తీసి, 8 నుండి 10 ముక్కలు చేసి, ఉమ్మనీటిసంచి పొరపై చెడిన కంటియందు అతికింతురు. కణములను ప్రయోగశాలలో పెంచు ఖర్చు లేదు. తన కన్ను, తన కణము: ఇందు వివాదమునకు తావు లేదు. కాని రెండు కండ్లును కాలినవానికి ఆ విత్తనమెచ్చట దొరకును? పైగా కంటి అంచు కణము గుండెకు గాని మెదడునకు గాని పనికిరాదు.

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్ మానవపిండమునుండి మూలకణములను వేరుచేసి పెంచెను. అయిదారు దినముల పిండము సూదిమొనపాటి బంతి. అందలి కణములు నాడి, గుండె, క్లోమము, దేనికి సంబంధించిన కణముగనైనను మారగలవు. అయితే వానిని తీయుటతో పిండము నశించును. అవి సంతానచికిత్సలో మిగిలి, దంపతులు సమ్మతించి ఇచ్చిన పిండములు. పారవేయబోవుదానితో రోగికి మేలుచేయుట తప్పా యని కొందరందురు. మిగిలినదైనను ప్రాణమే, దానిని పనిముట్టు చేయరాదని మరికొందరు. 2001లో అధ్యక్షుడు బుష్ అదివరకే ఏర్పడిన కణసంతతులకు మాత్రమే కేంద్రధనమును పరిమితము చేసెను. 2009లో ఒబామా ఆ కట్టడిని తీసివేసెను. బ్రిటనులో 1990 నాటి చట్టము 14 దినములను హద్దుగా పెట్టెను. పిండమున ఎన్ని కణములున్నవో జీవశాస్త్రము చెప్పగలదు. వానికెంత గౌరవ మీయవలెనో చెప్పలేదు.

2006లో జపానుకు చెందిన షిన్యా యమనాక ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, వానిని పిండకణములవంటివిగా వెనుకకు మరల్చెను. మరుసటి ఏడు మానవకణములతోను ఇది సాధ్యమయ్యెను. 2012లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పిండముతో పని లేకపోయెను గాని, ఆ నాలుగు జన్యువులలో ఒకటి క్యాన్సరుతో సంబంధము గలది. 2014లో కోబె నగరమున ఒక వృద్ధురాలి రెటీనా క్రింద ఇట్టి కణములపొరను అమర్చిరి. చూపు మెరుగుపడలేదు, క్షీణించుట మాత్రము ఆగెను. రెండవ రోగి కణములలో జన్యుమార్పులు కనబడగా ఆ చికిత్సను నిలిపివేసిరి.

ఇంత జాగ్రత్త ఒకవైపుండగా, పక్షవాతము మొదలు పిల్లల ఆటిజము వరకు అన్నిటికిని మూలకణముల సూదిమందు ఇత్తుమను ప్రకటనలు మరొకవైపు కనబడుచున్నవి. పిండముపై సాగిన వాదముకంటె మనకు దగ్గరి ప్రమాదమిదియే. నిర్ధారణ కాని ఇట్టి చికిత్సను అనుమతి పొందిన పరీక్షలలో తప్ప చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017లో మార్గదర్శకములను వెలువరించినది. అట్టి పరీక్షను ముందుగా ప్రభుత్వ పట్టికలో నమోదు చేయవలెను. పరీక్షించు మందునకై రోగివద్ద సొమ్ము పుచ్చుకొనరాదు.